అకాల్ బుంగా వాకిట నిలిచినవాళ్లు

అమృత్‌సర్
కార్తీకం, దీపాల పండగ వెళ్లాక

చెల్లెలు ఖేమ్ కౌర్‌కి, అన్న టేక్ సింగ్ రాస్తున్నది.

వాహెగురు చల్లగా చూస్తున్నాడు. బావ సంగతి ముందు రాయకపోతే మిగతాది చదవవని తెలుసు, కాబట్టి అదే ముందు. మీ ఆయన భాగ్ సింగ్ దిట్టంగా ఉన్నాడు. పగలంతా సున్నం బట్టీ దగ్గర, పొద్దువాలితే వంటశాల దగ్గర. నిన్న తినడానికి గుప్పెడు వేయించిన సెనగలు తప్ప ఏమీ మిగల్లేదు. అవే పళ్లెంలో పోసి నా ముందు పెట్టి, "తిను బావా, బాదంపప్పులు. కాబూలు నుంచి నీకోసమే వచ్చాయి" అన్నాడు. నాకు ముందు పళ్లు లేవని తెలిసీ అంటాడు. నువ్వు చేసుకున్నవాడు అలాంటివాడు మరి.

సరోవరంలో నీళ్లు తేరుకున్నాయి. రెండేళ్ల కిందట కాబూలు నుంచి దండెత్తి వచ్చిన షా మందుగుండు పెట్టి హరిమందిర్‌ను పేల్చి, ఆ రాళ్లతోనూ చచ్చిన గొడ్లతోనూ కొలనంతా పూడ్పించినప్పుడు, ఇందులో మళ్లీ ఆకాశం కనబడుతుందని నేననుకోలేదు. ఇప్పుడు కనబడుతోంది. గోడలు నడుం ఎత్తు లేచాయి. బావ కాల్చిన సున్నం గట్టిగా పట్టిందని మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు.

పెద్ద దళాలు ఢిల్లీ వైపు ఒకటి, రోహ్తాస్ వైపు ఒకటి వెళ్లాయి. ఇక్కడ కొద్దిమందిమే ఉన్నాం. చలి పెరిగింది. కుప్ ఊచకోతలో నీ భుజానికి తగిలిన కత్తిగాయం ఈ చలికి లాగుతూ ఉంటుంది. ఆవనూనె కాచి రాయించుకో.

ఇంతకన్నా విశేషాలు లేవు. ఈ కాగితం ఉదాసీ సాధువు గంగాదాసు తెస్తున్నాడు. ఒంటికి బూడిద పూసుకుని చిప్ప పట్టుకు తిరిగే మనిషిని పఠాన్లు సోదా చెయ్యరు. అతనికి రెండు రొట్టెలెక్కువ పెట్టు. సన్యాసమైతే పుచ్చుకున్నాడు గానీ ఆకలి మాత్రం సంసారిదే.

నీ అన్న
టేక్ సింగ్


జండ్‌వాలా
కార్తీకం వెళ్లిపోతుండగా

అన్నయ్యకి,

విశేషాలు లేవా? షా అటక్ దగ్గర సింధునది దాటాడని ఇక్కడ ఒంటెలు తోలేవాళ్లకి తెలుసు. బావి దగ్గర నీళ్లు తోడే ముసలమ్మలకి తెలుసు. మా అన్నకి మాత్రం చలి పెరిగిందని తెలుసు!

నువ్వు చిన్నప్పుడూ అంతే. ఎడ్లబండి కింద పడి కాలు విరగ్గొట్టుకుని, అమ్మతో "ముల్లు గుచ్చుకుంది" అన్నావు. నువ్వు ఎప్పుడు నవ్వించే మాటలు రాస్తావో అప్పుడే నాకు గుండె దడ మొదలవుతుంది.

అన్నయ్యా, ఇద్దరూ వచ్చెయ్యండి. దళాలు లేనప్పుడు ఖాళీ ఊరికి మీరు కాపలా ఉండి ఏం చేస్తారు? గోడ పడితే మళ్లీ కట్టొచ్చు. మనిషి పడితే కట్టలేం. ఈ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. కుప్ ఇసుకలో షా సవార్లు బళ్ల మధ్యకి దూసుకొచ్చిన రోజు నా చేతుల్లోంచి ఇద్దరు బిడ్డలు పోయారు. మా వదినని, అంటే నీ భార్యని, నేను నా దుప్పట్లోనే చుట్టాను. నీకు తెలియనిది ఇందులో ఏముంది?

ఇక్కడ బతుకు ఇసుకలోనే అయినా బతుకే. జండ్ చెట్ల కింద గుడిసెలు వేసుకున్నాం. సజ్జరొట్టె దొరుకుతోంది, మజ్జిగ దొరుకుతోంది. నీళ్లకే కటకట.

ఇంకొక మాట. ఇది రాయాలా వద్దా అని కాగితం రెండుసార్లు మడిచి మళ్లీ విప్పాను. శ్రావణంలో ఆయన వచ్చి వెళ్లారు కదా. నాకిప్పుడు నాలుగో నెల.

ఆయనకు చెప్పొద్దు. నా మీద ఒట్టు. పిల్లలు పోయాక ఆయన ఎలా ఉన్నారో నువ్వు చూశావు. నెలల తరబడి నోట మాట లేదు. ఇంకెప్పుడూ తండ్రిని కాను, ఒకసారి అయినందుకు చాలు అన్నారు. ఆ సరోవరంలో దిగి చేతులతో బురద ఎత్తిపోశాకే ఆయనకి గొంతు తిరిగొచ్చింది. అలాంటి మనిషి మెడకి కడుపులో బిడ్డని తాడులా వేసి లాగితే, వస్తారు. కానీ జీవితమంతా ఆ తాడే చూసుకుంటారు. వస్తే తనంతట తనే రావాలి.

నువ్వు మాత్రం నా మాట మీదే రా. నిన్ను లాగడానికి నాకు మొహమాటం లేదు.

నీ చెల్లెలు
ఖేమ్ కౌర్


అమృత్‌సర్
మార్గశిరం

చెల్లీ,

నీ తిట్లన్నీ అందాయి. చదువుతూ నవ్వుకుంటూనే ఉన్నాను, చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. కాగితం మడిచి తలపాగాలో దోపుకున్నాను. బావ చూసి, "ఏమంటోంది మా ఆవిడ?" అన్నాడు.

"నిన్నేమీ అడగలేదు. నన్ను తిట్టింది."

"అయితే ఆరోగ్యంగానే ఉందన్నమాట" అన్నాడు.

ఇక దాచను. షా లాహోరు చేరాడు. అక్కణ్ణుంచి ఇక్కడికి గుర్రం మీద ఒక పగటి దూరం. దళాలకి కబుర్లు వెళ్లాయి గానీ అవి అందుకోలేనంత దూరంలో ఉన్నాయి. ఊరు ఖాళీ అవుతోంది. మంచాలూ మేకలూ తోలుకుని జనం వెళ్లిపోతున్నారు. నిన్న మా నాయకుడు జథేదారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లు గుర్రాలు తీసుకోవచ్చన్నారు. వెళ్లినవాణ్ణి ఎవడూ ఒక్క మాట అనకూడదన్నారు. కొందరు వెళ్లారు, ఏడుస్తూనే వెళ్లారు. సరోవరం ఒడ్డున అకాల్ బుంగా మేడలో ముప్ఫై మందిమి మిగిలాం.

గోడ మళ్లీ కట్టొచ్చన్నావు. నిజమే తల్లీ, నేను గోడ కోసం ఉండటం లేదు. పోయినసారి వాడు ఇక్కడికొచ్చేసరికి అడ్డం నిలబడే మనిషి లేడు. మనమంతా ఇసుకలో మన శవాలు వెతుక్కుంటున్నాం. వాడు తీరిగ్గా మందుగుండు కూరాడు, తీరిగ్గా చూసి వెళ్లాడు. ఎవరూ లేని ఇల్లు కూల్చినంత తేలిగ్గా కూల్చాడు. ఈసారి వాడొచ్చి పిలిస్తే తలుపు తీసేవాళ్లు ఉండాలి. అంతే. దీనికి అంతకన్నా పెద్ద మాటలు నాకు రావు. గెలుస్తామని మాలో ఎవరూ అనుకోవడం లేదు.

నేనుంటాను. నా కోసం ఎదురుచూసేదానివి నువ్వొక్కదానివే. నిన్ను ఏడిపించడం నాకు కొత్త కాదు.

కానీ బావని ఉంచలేను. నీకిచ్చిన ఒట్టు తప్పలేదు, నోరు మెదపలేదు. ఊరికే కదిపి చూశాను. బట్టీ దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు, "బావా, జథేదారు అన్నారు కదా, నువ్వు వెళ్లకూడదూ? ఖేము ఎదురుచూస్తుంది" అన్నాను.

"ఖేము నాకన్నా గట్టిది. నేను లేకపోయినా బతుకుతుంది" అన్నాడు. మళ్లీ తనే, "ఎదురు పరిగెత్తుకొచ్చేవాళ్లు ఇద్దరుండేవాళ్లు. వాళ్లని నేనే పూడ్చాను" అన్నాడు. ఆ తర్వాత పార తీసుకుని సున్నం కలుపుతూ కూర్చున్నాడు. ఊరే ఖాళీ అవుతోంది, సున్నం ఎవరికని నేనడగలేదు.

అప్పుడు జథేదారు దగ్గరకెళ్లి నిజం చెప్పాను. ఆయనే ఒక దారి చూపారు. మా దగ్గర గ్రంథ్ సాహిబ్ ప్రతి ఒకటుంది. పాతది, చేత్తో రాసింది. అది షా చేతిలో పడకూడదు. ఎవరో ఒకరు దాన్ని సట్లెజ్ దాటించి మీ వైపు చేర్చాలి. ఆ ఒకరు భాగ్ సింగ్ అని జథేదారు అందరి ముందూ చెప్పారు.

బావ మండిపడ్డాడు. "మోకాళ్లు పట్టేసిన ముసలాడు టేక్ సింగ్ ఉన్నాడుగా, వాణ్ణి పంపండి. కత్తి పట్టి గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టలేడు" అన్నాడు.

"ఆ మోకాళ్లతో దారిలోనే పడిపోతాను, గ్రంథ్ సాహిబ్ నేల మీద పడుతుంది. ఆ పాపం నీకే" అన్నాను.

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. నా కళ్లలోకి చూసి, "నువ్వేదో చేస్తున్నావు బావా. అదేంటో నాకు తెలియడం లేదు" అన్నాడు. నేను చూపు తిప్పుకున్నాను.

ఈ ఉత్తరం తెచ్చేది కూడా బావే. ఆయనకి అక్షరాలు రావు గనక ఇంత ధైర్యంగా రాస్తున్నాను. ఆయన కోప్పడితే పడనీ. కోప్పడటానికి మనిషంటూ ఉంటాడు కదా.

నిన్ను తలుచుకుంటూ
నీ అన్న


జండ్‌వాలా
మార్గశిరం

అన్నయ్యకి,

వచ్చారు. గ్రంథ్ సాహిబ్‌ను తలమీద పెట్టుకుని, కాళ్లకి చెప్పుల్లేకుండా, గుర్రాన్ని పక్కన నడిపించుకుంటూ వచ్చారు. దారంతా అలాగే నడిచారట. పాదాలు చూస్తే నీకు ఏడుపొచ్చేది. మన వాళ్లంతా ఎదురెళ్లి గ్రంథ్ సాహిబ్‌ను అందుకున్నారు. ఆ తర్వాతే ఆయన నీళ్లు తాగారు.

నీ ఉత్తరం నా చేతిలో పెట్టి, "చదువు. మీ అన్న ఏం కూశాడో విందాం" అన్నారు.

నేను లోలోపలే చదువుకున్నాను.

"ఏం రాశాడు?"

"బాగున్నాడట" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. దుప్పటి ఎంత కప్పుకున్నా దాగే నెల కాదు కదా. "వాడికి తెలుసా?" అని మాత్రం అడిగారు. తెలుసన్నాను. వెంటనే అక్కడే ఇసుకలో కూలబడిపోయారు. "నన్ను గాడిదని చేశాడు. మూట నెత్తిన పెట్టి తోలేశాడు. నేను వాణ్ణి వదిలేసి వచ్చాను ఖేమో, వాణ్ణి వదిలేసి వచ్చాను" అన్నారు. ఊళ్లోవాళ్లు చూస్తున్నారని కూడా లేదు.

మర్నాడు పొద్దున రొట్టె తింటూ, నావైపు చూడకుండా, "కదులుతోందా?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. తల ఊపారు. తర్వాత లేచి, ఎవరూ చెప్పకుండానే గుడిసె కప్పు సరిచేశారు.

తిరిగి వెళ్లిపోతానంటున్నారు. అప్పగించిన పని అయిపోయింది కదా అంటున్నారు. పాదాల పుళ్లు మానేదాకా ఆగమన్నాను. ఈ కాగితం ఒంటెల వాళ్లతో పంపుతున్నాను.

నేను ఇద్దర్ని రమ్మన్నాను అన్నయ్యా. నువ్వు ఒకరిని పంపి లెక్క సరిపోయిందనుకుంటున్నావా? నేను ఆయన్ని ఇచ్చి నిన్ను తీసుకోమన్నానా, నిన్ను ఇచ్చి ఆయన్ని తీసుకోమన్నానా? నీ మీద నాకెంత కోపముందో రాయడానికి ఈ కాగితం చాలదు. ఎదురుగా వస్తే చెబుతాను. రా.

ఖేము


అమృత్‌సర్
మార్గశిరం, కృష్ణపక్షం

అమ్మా ఖేమ్ కౌర్,

గంగాదాసు రాస్తున్నాను. ఒంటెల వాళ్లు తెచ్చిన మీ ఉత్తరం నాకు అందింది. అందుకోవలసినాయన లేడు. నేనే విప్పి చదివాను. పరాయివాళ్ల ఉత్తరం చదవకూడదని తెలుసు, కానీ మీ గొంతు ఎవరూ వినకుండా పోకూడదనిపించింది.

మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. మీ అన్నగారు పోయారు. మిగిలిన అందరూ పోయారు.

నేను చూశాను. నన్ను వెళ్లిపొమ్మన్నారు గానీ నేను బజారు చివర కుమ్మరి ఇంటి అటక మీద దాక్కున్నాను. షా సైన్యం వచ్చేసరికి ఊళ్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఇక్కడ ఎవరూ ఉండరనే వాళ్లు అనుకున్నారు. కొందరు అప్పటికే గుర్రాలు దిగి, కత్తులు ఒరలో పెట్టుకుని తిరుగుతున్నారు.

అప్పుడు అకాల్ బుంగా తలుపు తెరుచుకుంది. స్నానాలు చేసి ఉతికిన బట్టలు కట్టుకున్నట్టున్నారు, ఆ దుమ్ములో తెల్లగా కనబడ్డారు. "సత్ శ్రీ అకాల్" అని అరుచుకుంటూ దిగారు. వేల సైన్యం అమ్మా. తుపాకులు, విల్లులు, ఇనుప కవచాలు. వీళ్ల దగ్గర కత్తులు, కొన్ని బల్లాలు. అయినా ముందు వెనక్కి తగ్గింది వాళ్లే. వెనక ఇంకెంతమంది ఉన్నారోనని భయపడ్డట్టున్నారు. ఎవరూ లేరని తెలిశాక చుట్టుముట్టారు. బుంగా వెనకాల పారిపోవడానికి సందు ఉంది. ఎవరూ ఆ వైపు చూడలేదు. ఒకడు పడితే వెనకవాడు అతన్ని దాటుకుని ముందుకొచ్చాడు.

మీ అన్నగారికి తొడలో గుండు తగిలింది. మెట్లకి ఆనుకుని కూర్చున్నారు, చేతిలో కత్తి వదల్లేదు. ఒక సవారు ఆయన్ని చూసి, తెల్లగడ్డం చూసి కాబోలు, పొమ్మని చెయ్యి ఊపాడు. మీ అన్నగారు ఇచ్చిన జవాబు నా దాకా వినబడింది. "మా ఇంటి వాకిట్లో నన్ను పొమ్మనడానికి నువ్వెవడివిరా!" అన్నారు. ఆ తర్వాత నేను కళ్లు మూసుకున్నాను.

షా ఇక్కడ ఎక్కువ రోజులు లేడు. నడుం ఎత్తు గోడలు పడగొట్టించి కొలనులోకి తోయించాడు. వాళ్లు వెళ్లాక నేనూ, కుమ్మరీ, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లూ కలిసి బుంగా వెనక అందరికీ ఒకే చితి పేర్చాం. కట్టెలు చాలకపోతే ఇళ్ల తలుపులు పీకి వేశాం.

మీ అన్నగారు ముందు రోజు నన్ను, "నా చెల్లెలి దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?" అని అడిగారు. లేదన్నాను. "వస్తుందిలే, తిట్లతో వస్తుంది" అని నవ్వారు.

గంగాదాసు


అమృత్‌సర్
పుష్యం

ఖేమోకి,

భాగ్ సింగ్ చెబుతుంటే గంగాదాసు రాస్తున్నాడు. నేనన్నది అన్నట్టే రాయాలని ఒట్టు పెట్టించుకున్నాను, నగిషీలు చెక్కొద్దన్నాను.

నీకు చెప్పకుండా వచ్చేశాను. చెబితే నీ మొహం చూడాల్సొచ్చేది. ఉత్తరం చదివి నువ్వు ఏడవకుండా పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాల్చావు. అది నేను చూడలేకపోయాను.

ఇక్కడికొచ్చేసరికి బూడిద మిగిలింది. నీ అన్నది ఏదో తెలియలేదు. అంతా కలిసిపోయింది. ఒక గుప్పెడు తీసుకుందామని వంగి, మళ్లీ వదిలేశాను. వాళ్లలో వాళ్లు బాగానే ఉన్నారు. మధ్యలో నేనెవణ్ణి?

దళాలు కొద్దికొద్దిగా తిరిగొస్తున్నాయి. "నువ్వు ఆ ముప్ఫై మందితో ఉన్నవాడివి కదూ, ఎలా బతికావు?" అంటారు. గ్రంథ్ సాహిబ్‌ను మోశానని చెబుతాను. కొందరు నా కాళ్లకి దణ్ణం పెడతారు, అప్పుడు చచ్చిపోవాలనిపిస్తుంది. ఒకడు మాత్రం, "పెళ్లాం రమ్మందా?" అన్నాడు. వాణ్ణి కొట్టాను. తర్వాత ఆలోచిస్తే వాడన్నది పూర్తిగా అబద్ధం కాదు.

నువ్వు పిలవలేదని నాకు తెలుసు. అయినా నీ మీద కోపంగా ఉంది. చచ్చినవాడి మీద అంతకన్నా కోపంగా ఉంది. నా పక్కన కూర్చుని సెనగలు తిన్నాడు. నా పక్కనే పడుకున్నాడు. నాకు చెప్పకుండా నా చావు తను తీసుకున్నాడు. అడిగి తీసుకుంటే ఇచ్చేవాణ్ణేమో.

నేను రాను ఖేమో. పుట్టబోయేదానికి నా దగ్గర చెప్పుకోడానికేముంది? నీ మేనమామ వాకిట్లో నిలబడ్డాడు, నేను మూట మోశాను అని చెప్పనా? నన్ను పోయినవాళ్లలోనే లెక్కేసుకో.

భాగ్ సింగ్


జండ్‌వాలా
మాఘం

భాగ్ సింగ్ గారికి,

మీ మాటలన్నీ చదివాను. గంగాదాసు నగిషీలేమీ చెక్కలేదు, సంతోషం.

మీకు మీ చావు పోయింది. నాకు మా అన్న పోయాడు. ఈ రెండింట్లో ఏది పెద్దదో తూచి చెప్పండి. నేను ఏడవలేదని మీకు కష్టమైందా? ఏడిస్తే కడుపులోది బిగుసుకుపోతుందని మంత్రసాని చెప్పింది. అందుకే రొట్టెలు కాల్చాను. అన్నయ్య ఉత్తరాలన్నీ పెట్టుకుని ఏడవాల్సినంత ఏడుపు నాలో అలాగే ఉంది. దాన్ని ఎవరి ముందు విప్పుకోవాలి? నా వాళ్లంటూ ఇద్దరు మిగిలారు. ఒకడు బూడిదయ్యాడు, రెండోవాడు ఆ బూడిద పక్కన కూర్చుని, నేనూ చచ్చాననుకో అంటున్నాడు.

నువ్వు అనుకుంటున్నావు, అన్నయ్య నీ మీద జాలిపడి పంపాడని. నీ మొహం, జాలా! మా అన్నకి నీ మీద జాలి ఎందుకు? ఆయన చూసింది నన్ను. రెండు చేతులూ ఖాళీ అయిన ఆడదాన్ని చూశాడు. ఉన్నదాంట్లోంచి ఒకటి నా చేతిలో పెట్టాడు. నువ్వు దాన్ని కూడా తీసుకుపోయి అక్కడ పారేస్తావా?

కోపంలో "నువ్వు" అనేశాను. కొట్టెయ్యను, అలాగే ఉండనిస్తున్నాను.

రమ్మని నేను అడగను. ఒకసారి అడగకుండా ఉన్నాను, ఇప్పుడూ అంతే. కానీ పోయినవాళ్లలో లెక్కెయ్యడం మాత్రం నావల్ల కాదు. అలా లెక్కేసినవాళ్లు నాకు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు కదులుతోంది. మీరు అడిగారు కదా, అందుకే రాశాను.

ఖేమ్ కౌర్


అమృత్‌సర్
చైత్రం

ఖేమోకి,

నీ ఉత్తరం గంగాదాసు చేత నాలుగైదుసార్లు చదివించుకున్నాను. "నువ్వు" అన్నచోట వాడు గొంతు తగ్గించి చదివాడు. గట్టిగా చదవరా, నేను పడాల్సిందే అన్నాను.

షా కాబూలు దారి పట్టాడట. దళాలన్నీ వచ్చాయి. మళ్లీ కొలను తవ్వుతున్నాం. మొన్నటి గోడ రాళ్లు తీస్తుంటే నేను కాల్చిన సున్నం వాటికి ఇంకా అంటుకునే ఉంది. పగలంతా బురదలోనే ఉంటాను, మాట్లాడను. నేనిలాగే పోతాననుకున్నాను.

పోయిన వారం ఒకావిడ వచ్చింది. మాఝా సీమలో పల్లెటూరిది, పేరు దేసో. చంకలో పిల్లాడు. బస్తా సింగ్ భార్యనంది. ఆ ముప్ఫై మందిలో వాడొకడు, పొడుగాటి మనిషి, నత్తి. ఆవిడ గంగాదాసుని అడిగి, వాడెలా పోయాడో విన్నది. తర్వాత నా దగ్గరకొచ్చి బురద గట్టు మీద కూర్చుంది.

"మీరు ఆయనతో ఉన్నారట కదా. చావు సంగతి ఆ సాధువు చెప్పాడు. అది కాదు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఆయన ఎలా ఉన్నాడు? కడుపునిండా తిన్నాడా? ఎప్పుడైనా నవ్వాడా?" అనడిగింది.

వాడికి మాట్లాడితే నత్తి గానీ పాడితే నత్తి ఉండేది కాదని, అందుకని ఉప్పు కావాలన్నా పాడి అడిగేవాడని చెప్పాను. ఆవిడ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే పడి ఏడ్చింది. వాడు పాడతాడని ఆవిడకి తెలియదట. పెళ్లయ్యాక వాడు ఇంట్లో ఉన్నదే తక్కువ.

అప్పట్నుంచి వస్తూనే ఉన్నారు. ఒక తల్లి, ఒక తమ్ముడు, నడవలేని ముసలాయన్ని మంచం మీద మోసుకుని ఇద్దరు. వాళ్లెలా చచ్చారో గంగాదాసు చెబుతాడు. ఎలా బతికారో చెప్పడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. ఎవడు గురక పెట్టేవాడో, ఎవడు చలిలో అందరికన్నా ముందు స్నానం చేసి మిగతావాళ్లని వెక్కిరించేవాడో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను కూడా వాళ్లతో పోయుంటే ఇదంతా పోయేది.

బావ దీనికే పంపాడని నేననను. వాడంత దూరం ఆలోచించే మనిషి కాదు. వాడి మీద కోపం కూడా పోలేదు. కానీ నిన్న వాడి గురించి అడగడానికి ఎవరూ రాలేదు. వచ్చేదానివి నువ్వొక్కదానివే కదా. సాయంత్రం దాకా బుంగా మెట్ల మీద కూర్చుని, చెప్పాల్సినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి నాలో నేనే అనుకున్నాను. చాలా ఉన్నాయి ఖేమో. ఉత్తరంలో పట్టవు.

పని వదిలి ఇప్పుడే రాలేను. నీకు నెలలు నిండాయి, జాగ్రత్త. రాను అని రాసినదాన్ని మాత్రం చించెయ్యి.

భాగ్ సింగ్


జండ్‌వాలా
వైశాఖం

మీకు,

అలవాటుగా అన్నయ్యకి రాద్దామని కాగితం తీసి, పైన మీ పేరు రాశాను. అలా రాయడానికి కాస్త సేపు పట్టింది.

ఆడపిల్ల. పొద్దు ఎక్కాక పుట్టింది. కష్టమే అయింది, నా పాత గాయం వైపు పడుకోలేక నానా యాతన పడ్డాను. మంత్రసాని ఇక దక్కననుకుందట. ఇప్పుడు బాగున్నాను. పిల్ల చిన్నదే గానీ ఏడుపు పెద్దది. ముక్కు మీది. పోయిన పిల్లల పోలిక ఉందా అని రెండు రోజులు చూడలేదు, భయమేసింది. మూడో రోజు చూశాను. లేదు. ఇది వాళ్లలో ఎవరి పోలికా కాదు. అందుకు ఏడ్చాను, ఆగకుండా ఏడ్చాను. అన్నయ్య కోసం కూడా అప్పుడే ఏడ్చాను. ఎవరూ నన్ను ఆపలేదు.

మీరు చెప్పాల్సినవి ఉత్తరంలో పట్టవన్నారు. నేను అడగాల్సినవీ పట్టవు. అన్నయ్య చివరిలో ఏం తిన్నాడు, ఎవరితో కొట్లాడాడు, రాత్రిళ్లు నిద్రపట్టేదా, మా వదినని తలుచుకునేవాడా. మీరు పని వదిలి రావద్దు. నేనే వస్తున్నాను. పిల్లకి నెల నిండగానే ఒంటెల వాళ్లతో బయల్దేరతాను. సట్లెజ్ రేవు దగ్గర నీళ్లు తగ్గాయి, దాటడం తేలికే అంటున్నారు. పిల్లకి పేరు పెట్టలేదు, అక్కడే పెడదాం.

ఎండల్లో పసిపిల్లతో ఏం ప్రయాణమని ఇక్కడ అందరూ తిడుతున్నారు. తిట్టనీండి. బుంగా వెనక నన్ను కాసేపు ఒంటరిగా కూర్చోనివ్వండి, ఆ కాసేపూ పిల్లని మీరు ఎత్తుకోండి. ఎత్తుకోవడం మరిచిపోయి ఉంటారు, తల కింద చెయ్యి పెట్టాలి.

తర్వాత పనిలోకి దిగుతాను. నా కుడిభుజం బరువు మొయ్యదు, ఎడమది మోస్తుంది. నాకూ ఒక తట్ట చూసి ఉంచండి.

ఖేమ్ కౌర్